తెర మీద పేరు

పోస్టరులో హీరో మన వైపు చూస్తాడు, హీరోయిన్ హీరో వైపు చూస్తుంది. నంద్యాలలో ఇమామ్ అన్న ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు ఇన్నేళ్ళు కూర్చుని నేను నేర్చుకున్న సినిమా శాస్త్రమంతా ఇంతే. అందులోనూ నవ్వించే ప్రేమ సినిమా అయితే ఈ పద్ధతి అస్సలు తప్పదు. అతను చేతులు కట్టుకుని, కనుబొమ్మ ఒకటి పైకెత్తి, ఊరంతా తన చుట్టాలే అన్నట్టు నవ్వుతుంటాడు. ఆ అమ్మాయి అతని భుజం వెనక నుంచి మూతి ముడిచి అతన్నే చూస్తుంటుంది. కోపంగా చూసినా సరే, ముద్దుగా చూసినా సరే, చూడటం మాత్రం అతన్నే. ఆమె మన వైపు చూసిన పోస్టరు నా చేతి మీదుగా ఒక్కటీ పోలేదు.

అందుకే ఆ రోజు షాపు ఫోనుకు వచ్చిన ఆర్డరు చూడగానే నాకు ఒళ్ళు మండింది.

అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరిన రోజులవి. తన పెళ్ళికి తానే పిలుపు చెప్పుకుంటూ ఆయన పల్లకిలో ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊర్లన్నీ నెలన్నర పాటు తిరుగుతాడు. పల్లకి ఏ వీధికి వస్తే ఆ వీధి కుర్రాళ్ళు స్వాగతం ఫ్లెక్సీ కట్టడం ఇప్పటి ఆచారం. ఆ ఫ్లెక్సీలో స్వామి ఒక మూలన అరచేయంత ఉంటాడు, కుర్రాళ్ళు మాత్రం నిలువెత్తున ఉంటారు. ఆ నెలన్నరా మాకు ఊపిరాడని గిరాకీ.

ఈ ఆర్డరు మా ఆళ్ళగడ్డదే, మా వీధిదే. మధ్యలో నల్ల కళ్ళద్దాలతో మా తమ్ముడు కిరణ్. వాడి చుట్టూ వాడి జట్టు. వాడి పక్కన, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తున్న ఒక అమ్మాయి. ఆ ఫోటో ఆమెకు తెలియకుండా తీసిందని ఎవరైనా చెప్పేస్తారు. కింద రాయాల్సిన మాటలు కూడా పంపారు. 'స్వాగతం పలుకువారు: కిరణ్, అర్చన వదిన, మిత్రబృందం.' దాని వెనకే ఒక వాయిస్ మెసేజి, మా వాడి నేస్తుడు మనోజ్ గొంతు.

"ఇమామన్నా, వదిన అవతలికి సూస్తాంది గదా, ఆ పటం తిప్పెయ్ అన్నా. మా వోని దిక్కు సూసినట్ల రావల్ల. బేగా కావాల."

షాపులో బొమ్మలు కూర్చేది ఇమామ్ అన్నే అనుకున్నాడు పాపం.

తిప్పడం ఎంత పని? ఒక్క నొక్కు. చేసి చూశాను. కిటికీలోంచి పొలాల వైపు చూస్తున్న పిల్ల మా తమ్ముడి ముఖంలోకి చూసింది. నిద్ర చాలని పొద్దుటి కళ్ళు అవి, కానీ వాడి పక్కన పెట్టేసరికి మైమరచి చూస్తున్నట్టు అయిపోయాయి. నాకు భయం వేసింది. వెంటనే మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాను.

"ఏంది జ్యోతమ్మా, అట్ల అయిపోయినావ్?" అన్నాడు ఇమామ్ అన్న.

చూపించాను. ఇది మనం కొట్టొద్దన్నాను.

"మనం కొట్టకుంటే ఇంగొకరు కొడతారు మ్మా." కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూశాడు. "ఆ పిల్లకు తెల్సా ఇది?"

"తెలీదన్నా."

"అయితే వద్దులే. మిషను రిపేరని చెప్తా."

ఆ సీజన్లో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇమామ్ అన్న. తర్వాత చాలా రోజుల దాకా ఇంకెవరూ అడగలేదు.

అర్చన నాకు తెలియని పిల్ల కాదు. ఆళ్ళగడ్డలో హైవే పక్కన షెడ్డు వేసుకుని రాతి విగ్రహాలు చెక్కే వీరాచారి కూతురు. నంద్యాలలో నర్సింగు ఆఖరు సంవత్సరం చదువుతోంది. మేమిద్దరం రోజూ పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. ఆడవాళ్ళకు టికెట్ తీసేసినప్పటి నుంచి మా బస్సులో మగవాళ్ళకు సీటు దొరకడం గగనం. అయినా మా తమ్ముడు మొబైల్ షాపులో పని ఎగ్గొట్టి, టికెట్ కొనుక్కుని, వెనకాల వేలాడుతూ నంద్యాల దాకా వచ్చి, అదే బస్సులో తిరిగి పోయేవాడు. అక్క బస్సులో ఉందన్న సిగ్గు కూడా లేదు. పైగా నన్ను చూసి కన్ను కొట్టేవాడు, నేనూ వాడి జట్టులో మనిషినే అన్నట్టు. వాడి చెవి మెలిపెట్టాలని రోజూ అనుకునేదాన్ని. ఇంట్లో రెండు మూడు సార్లు తిట్టాను కూడా. నా తిట్లు కూడా వాడికి సినిమాలో అక్క తిట్లలాగే వినబడేవి.

ఆర్డరు వచ్చిన మర్నాడు శిరివెళ్ళ దాటాక అర్చన వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నీతో ఒక మాట."

"చెప్పు."

"మీ తమ్మునికి నువ్వన్నా చెప్పక్కా. నేను రెండుసార్లు చెప్పినా, నాకిష్టం లేదు, నా ఎనకాల రావద్దని. నవ్వుతాడు. ఆ మనోజ్ 'వదినకు కోపమొచ్చె' అని బస్సంతా ఇనపడేటట్ల అరుస్తాడు." వెనక్కి తిరిగి చూడకుండానే మాట్లాడుతోంది. ఒళ్ళోని బ్యాగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "కాలేజీలో చేర్పించే దినం మా నాయన ఒకటే మాట చెప్పినాడు. నీ పేరు ఎవని నోట్లోనన్నా ఇన్నానంటే ఆ దినమే ఆఖరు అని. చెడ్డోడు గాదక్కా మా నాయన. భయం ఆయప్పకు. పరీక్షలు అయిపోతే నాకు ఉద్యోగమొస్తాది. అందాక ఆగమను. సాలు."

"అందాక ఆగమనేదేంది? అసలే రావద్దను."

"అంత గట్టిగా చెప్తే ఇంగా వస్తారక్కా. సినిమాల్లో సూడలేదా?"

నవ్వుతూ అనలేదా మాట. ఫ్లెక్సీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను చూసుకుంటానని మాత్రం అన్నాను. పల్లకి మా వీధికి రావడానికి ఇంకా వారం కూడా లేదు.

మా నాన్న నరసింహులు ఒకప్పుడు ఆళ్ళగడ్డలో సినిమా హాలు ఆపరేటరు. రీళ్ళ కాలం పోయాక అదే హాల్లో గేటు దగ్గర నిలబడుతున్నాడు. ప్రతి సినిమా నెలల తరబడి చిన్న కంతలోంచి చూసిన మనిషి కాబట్టి, లోకంలో జరిగేదంతా ఆయనకు ముందే తెలుసు. ఏ పిల్ల ఎప్పుడు చెంపదెబ్బ కొడుతుందో, ఎప్పుడు వానలో పరిగెత్తుకొస్తుందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఆ సాయంత్రం కూడా టీవీలో అలాంటిదే నడుస్తోంది. పనీపాటా లేని కుర్రాడు ఒక పిల్ల వెంట పడుతున్నాడు. ఆ పిల్ల ఏదో చదువుతోంది, ఏం చదువుతోందో సినిమాలో ఎవరూ చెప్పలేదు. చేతిలో పుస్తకాలున్నాయంతే.

నేను టీవీ ఆపేసి విషయం చెప్పాను. కిరణ్ సిగ్గుపడలేదు, కోప్పడ్డాడు.

"అంటే మిషను రిపేరని అబద్ధం చెప్పించింది నువ్వేనా?"

"అవును. ఆ పిల్ల నిన్ను వద్దనింది. రెండుసార్లు."

"మొదట అందరూ అట్లనే అంటారు. మనోళ్ళే గదా వాళ్ళు, ఏం అడ్డం? నాకేమన్నా చెడ్డ బుద్ధి ఉందా? పెండ్లి చేసుకుంటా."

"ఇంగా సంపాదన లేదు గాని పెండ్లంట," అన్నాడు నాన్న. అది తిట్టు కాదు. ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. "రేయ్, అచ్చం నా కొడుకువేరా నువ్వు!"

ఇంక మొదలైంది మా ఇంటి కథ. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, కొత్త చుట్టం ఎవరొచ్చినా మా నాన్న చెప్పే కథ. అప్పట్లో ఇంటర్వెల్లో స్లైడ్లని అద్దం పలకల మీద రాసిన ప్రకటనలు తెర మీద వేసేవాళ్ళు, బట్టల అంగడిదో, దంతవైద్యుడిదో. మా అమ్మ భారతమ్మ బడికి పోయే దారిలో ఈయన సైకిలు మీద వెంటపడేవాడు. ఆమె తల ఎత్తేది కాదు. ఒకనాడు తల్లితో కలిసి మ్యాట్నీకి వచ్చింది. ఈయన గబగబా ఒక పలక మీద సూదితో గీకి ఇంటర్వెల్లో వేసేశాడు. 'భారతి, నరసింహులు.' ఇద్దరి మధ్యలో బాణం గుచ్చిన గుండె.

"హాలు హాలంతా లేసి ఈలలు!" నాన్న చేతులతో చూపించాడు. "మేనేజరు నా చెంప పగలగొట్టె. అయినా ఏమైంది? అదే భారతి ఈడ రొట్టెలు తడతాంది. ఆడపిల్ల మనసు ఆఖరు రీలులో గాని తెలీదు రా. అందాక ఆగల్ల."

కిరణ్ నా వైపు చూసి నవ్వాడు, గెలిచినట్టు. ఆ కథకు నేనూ చిన్నప్పటి నుంచి నవ్వినదాన్నే. ఆ రోజు నవ్వు రాలేదు. వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"నీ షాపు కాకుంటే ఇంగొక షాపు," అని కిరణ్ చొక్కా దులుపుకుని బయటికి పోయాడు.

పల్లకి వచ్చేలోగా ఎలాగైనా ఆపాలనుకున్నాను. నంద్యాలలో తెలిసిన షాపులన్నిటికీ ఫోన్లు చేసి అలాంటి ఆర్డరు వస్తే కొట్టొద్దని బతిమాలాను. కొందరు సరేనన్నారు, కొందరు నీకేం పోయింది మ్మా అన్నారు. బస్సులో అర్చన నా వైపు చూసి చిన్నగా తల ఊపేది, అక్క చూసుకుంటుంది కదా అన్న ధీమాతో. నేను కళ్ళు తిప్పుకునేదాన్ని.

పల్లకి మరునాడు వస్తుందనగా సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోడకు ఆనించి ఉంది, నా ఎత్తు ఫ్లెక్సీ చుట్ట. ఎక్కడ కొట్టించాడో గానీ కొట్టించుకొచ్చేశాడు. ఇంకా రంగు వాసన పోలేదు. నాన్న గేటు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. నేను బ్యాగు కింద పడేసి, కత్తెర కోసం లోపలికి పరిగెత్తాను. కిరణ్ అడ్డం వచ్చి నా చేయి పట్టుకున్నాడు. ఇద్దరం పెనుగులాడుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఇడ్సండి. ఏందది? పరిసి సూపీ."

"చూడు మా, నువ్వే చూడు," అన్నాడు కిరణ్ ఉత్సాహంగా.

వరండాలో పట్టలేదు. వాకిట్లో పరిచాడు. అర్చన ముఖం మా తలుపంత ఉంది. తిప్పేశారు. మా తమ్ముడి నల్ల కళ్ళద్దాల్లోకి ఎంతో ఇష్టంగా చూస్తోంది. అమ్మ ఫ్లెక్సీ మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్ల ముఖం దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఈ పిల్ల నీ దిక్కు సూసిందా ఎప్పుడన్నా?"

"ఈపొద్దు కాకుంటే రేపు సూస్తాది. నువ్వు సూళ్ళేదా మా, నాయన దిక్కు?"

"అట్లడుగు," అని నాన్న నవ్వాడు.

"నేను సూడలే," అంది అమ్మ.

గొంతు పెంచలేదు. ఫ్లెక్సీ అంచు మడత పడితే దాన్ని వేళ్ళతో సర్దుతూనే చెప్పింది.

"ఆ పలక పడినప్పుడు హాలంతా ఈలలేసిరి. మా యమ్మ నా చెయ్యి పట్టుకోని బయటికి లాక్కొచ్చె. మర్సనాడు బడికి పోదామని జడేసుకుంటాంటే మా నాయన వచ్చి రిబ్బను ఊడబెరికె. ఇంగ ఏం అవసరం లేదు అనె. పది పరీక్షలు దగ్గరికొచ్చినాయి అప్పటికి. మాట్లాడుకున్న సంబంధమొకటి ఉండె. వాళ్ళు మాకొద్దని చెప్పి పంపిరి. ఇంగెవరూ రాలే. తెర మీద పేరెక్కిన పిల్లను ఇంగెవరు చేసుకుంటారు, ఎక్కించినోనికే ఇచ్చేద్దామనిరి. నన్నెవరూ అడగలే. అడిగింటే వద్దనేదాన్ని."

నాన్న ఒక చెప్పు విడిచి ఒకటి విడవకుండా అట్లాగే నిలబడిపోయాడు.

"ఇన్నేండ్లు చెప్పలేదే నువ్వు?" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్తాంటివి గదా. అందరూ నవ్వుతాండిరి."

అంతే అంది. పెనం మీద రొట్టె ఉందని గుర్తొచ్చి లేచి లోపలికి పోయింది.

కిరణ్ చాలాసేపు ఫ్లెక్సీ వైపు చూస్తూ నిలబడి, ఎవరూ చెప్పకుండానే దాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు వాడు తల ఎత్తకుండా, "అక్కా, మనోజ్ గాడు పొద్దున్నే స్టేటస్ పెట్టేసినాడు," అన్నాడు.

ఫోను తీసి చూశాను. పెట్టాడు. అదే బొమ్మ, పైన ఒక ప్రేమ పాట. చూసినవాళ్ళు చూసేశారు, పంచినవాళ్ళు పంచేశారు. ఆళ్ళగడ్డలో ఆ పొద్దుకు తెలియనివాడు పల్లకిలో స్వామి ఒక్కడే అయుంటాడు. మర్నాడు బస్సులో అర్చన లేదు.

నేను నంద్యాల పోకుండా శిరివెళ్ళలో దిగేసి ఇంటికి తిరిగొచ్చాను. అమ్మకు చెప్పాను. అమ్మ చీర మార్చుకుని వచ్చి కిరణ్ ముందు నిలబడింది.

"నడు. ఆ పిల్ల నాయనకు చెప్పల్ల."

"నేను పోతే ఇంగా గబ్బైతాది మా. నువ్వూ అక్కా పోయి రాండి."

"చేసింది నువ్వు. నీ నోటితో చెప్పు, ఆ పిల్లకు దీన్లో ఏం లేదని. నలుగురి ముందర చెప్పు. స్టేటస్ నలుగురే సూసినారా?"

దారి పొడుగునా నేను వాడికి ఒకటే చెప్పాను, పొరపాటున కూడా ఆయన్ని మామా అనొద్దని.

వీరాచారి షెడ్డు ముందు సగం చెక్కిన నందులు, తలలు లేని ద్వారపాలకులు, ఎవరో ఊరివాళ్ళు చేయమని చెప్పిన ఆంజనేయుడు. లోపల పనివాళ్ళు, విగ్రహం చూడటానికి కారులో వచ్చిన మనుషులు, టీ తాగడానికి ఆగిన మా వీధివాళ్ళు. మమ్మల్ని చూడగానే ఉలుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. వీరాచారి మాత్రం ఆపలేదు. ఆయన కనుబొమ్మలు రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. ఆయన చేతిలో సుత్తి ఉంది. కొడితే కొట్టించుకోవాల్సిందే, నేను కూడా అడ్డం పోకూడదు అనుకున్నాను.

"అయ్యా," అన్నాడు కిరణ్. ఏడుపొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అయ్యా, తప్పు నాది. వద్దనేదానికి తప్ప అర్చన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నా దిక్కు సూడను కూడా సూడలేదు. ఆ పటం ఆ పిల్లకు తెలీకుండా తీసింది. తిప్పించి పెట్టినాం. నన్ను రెండుసార్లు వద్దనింది. నేనే ఇనలే."

ఉలి ఆగింది.

"ఎన్నిసార్లు వద్దనింది?"

"రెండుసార్లు."

"మొదటిసారి ఏమైండె నీకి, చెవుడా?"

కిరణ్ తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"అన్నా, పిల్లను చదువు మానిపియ్యద్దు. ఇట్లనే నన్ను మానిపించిరి."

వీరాచారి మా అమ్మ వైపు చాలాసేపు చూశాడు. మానిపిస్తాననలేదు, మానిపించననీ అనలేదు. "పోండి," అని మళ్ళీ ఉలి ఎత్తాడు.

మేము వెనక్కి తిరిగాం. టీ గ్లాసులు పట్టుకున్న వాళ్ళలో ఒకాయన, "ఏమన్నా గానీ, నలుగుర్లో ఒప్పుకున్నాడప్పా. మగోడు," అన్నాడు. ఇంకొకాయన కిరణ్ భుజం తట్టాడు. అప్పుడు చూశాను మా తమ్ముడి ముఖం. వచ్చేటప్పుడు లేని నిబ్బరం ఏదో వచ్చింది. తల కొంచెం లేచింది. వాడు అబద్ధమేమీ చెప్పలేదు, ఏడుపు కూడా నిజమే. అయినా వాడి లోపల సినిమా ఇంకా ఆగలేదని నాకు అర్థమైంది. అది ఇప్పుడు హీరో మంచివాడిగా మారిపోయే భాగానికి వచ్చింది, అంతే.

ఆ సాయంత్రం పల్లకి మా వీధికి వచ్చింది. ఫ్లెక్సీ లేకుండానే స్వామి టెంకాయ కొట్టించుకుని, పెళ్ళికి రమ్మని చెప్పి, పక్క ఊరికి పోయాడు. అమ్మ హారతి కళ్ళకద్దుకుంటూ ఏం మొక్కుకుందో నేను అడగలేదు. నేను మాత్రం అర్చన రేపు బస్సులో ఉండాలని మొక్కుకున్నాను.

లేదు. ఆ మర్నాడూ లేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఆమె కాలేజీలో చదివే ఇంకో పిల్లను అడిగితే, మానేసిందని ఒకరు, పెళ్ళి చూపులని ఒకరు చెప్తున్నారంది. వీరాచారి షెడ్డు ముందు నుంచి బస్సు పోయేటప్పుడు కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. రాళ్ళు తప్ప ఎవరూ కనబడేవాళ్ళు కాదు. షాపులో స్వాగతం ఫ్లెక్సీలు కొడుతూనే ఉన్నాం. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ప్రతి ముఖాన్నీ చింపేయాలనిపించేది.

మా ఇంట్లో టీవీ నడవడం మానేసింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పెట్టలేదు. కిరణ్ మొబైల్ షాపులో పనికి పోతున్నాడు. నాన్న అమ్మతో ఏదో మాట్లాడాలని దగ్గరికి పోయి, నీళ్ళు అడిగి వచ్చేసేవాడు. ఒకరోజు మా చిన్నాన్న కొత్త అల్లుణ్ణి తీసుకొచ్చి, "అన్నా, ఆ స్లైడు కథ ఈ పిల్లోనికి చెప్పు," అన్నాడు. నాన్న అమ్మ ఉన్న వైపు చూసి, "అదేం కథలే. బాగుండదు," అని లేచి బయటికి పోయాడు.

రెండు వారాలు దాటాక ఒక పొద్దున బస్సు ఎక్కేసరికి అర్చన ఉంది. కిటికీ పక్క సీట్లో, ఒళ్ళో అదే బ్యాగుతో. నేను పక్కన కూలబడ్డాను. చేయి పట్టుకున్నాను. చిక్కిపోయింది పిల్ల.

"పోనిస్తాండారా?"

"పోనిస్తాండారక్కా." కాసేపు బయటికి చూసింది. "మీ తమ్ముడు వచ్చి మాట్లాడిపోయినంక ఇంట్లో ఏమైందో తెల్సా? మా రామేశ్వరమ్మత్త దిగింది. 'అంతమందిలో తప్పు ఒప్పుకున్నాడంట, ఇంతకంటే మంచి పిల్లోడు యాడ దొరుకుతాడు, మనోళ్ళే గదా, ఇచ్చేద్దాం' అని. దినాం అదే మాట. చుట్టుపక్కలోళ్ళు కూడా అదే. మీ తమ్ముడు మంచోడైపోయినాడక్కా. నన్ను మాత్రం ఎవరూ అడగలే."

అమ్మ పట్టుపట్టి, నేను వెంట ఉండి తీసుకుపోయి, వాడి చేత చెప్పించిందంతా ఆ పిల్ల మెడకే చుట్టుకుంది. లోకానికి ఒకటే కథ తెలుసు. వాడేం చేసినా అందులోకే వచ్చి పడుతుంది.

"మళ్ళ?"

"మళ్ళేముంది. నిన్న రాత్రి అందరూ బువ్వకు కూచున్నప్పుడు నేనే లోపల్నుంచి వచ్చి, నాకొద్దు అని చెప్పినా. మా యత్త నవ్వె. 'ఆడపిల్ల మొదట అట్లనే అంటాదిలే, పోను పోను అదే సర్దుకుంటాది' అని. మా నాయన తలకాయ కూడా ఎత్తలే. ముద్ద కలుపుకుంటా, 'అది వద్దంటాంది గదా. ఇంగేం మాట?' అన్న్యాడు. అంతేనక్కా. ఇంగెవరూ మాట్లాడలే. తెల్లారి లేసి, బస్సుకు టైమైతాంది పో అన్న్యాడు."

చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి, ఏమైంది మే అని అడిగింది. ఏం లేదవ్వా, మంచిదే అన్నాను.

ఆ సాయంత్రం నేను ఇంటికి పరుగున పోయాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. బ్యాగు కూడా దించకుండా పక్కన చతికిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అత్త మాట చెప్పినప్పుడు అమ్మ చెయ్యి పిండిలో ఆగిపోయింది. వీరాచారి మాట చెప్పాను. పెనం మీద రొట్టె మాడి పొగ వస్తున్నా తిప్పలేదు. నేనే తిప్పాను.

"ఆయప్ప ఏమన్న్యాడో ఇంగొకసారి చెప్పు," అంది.

అప్పటికే నాన్న డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, అవతలికి పోలేదు.

"అది వద్దంటాంది గదా. ఇంగేం మాట?" అన్నాను.

అమ్మ పొయ్యిలోకి చూస్తూ, పెదాలతో ఆ మాటను తానూ చప్పుడు లేకుండా అనుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. పిండి చేతులు.

"ఇంగొకసారి," అంది.

ఈసారి వాకిట్లో ఉన్న నాన్నకు కూడా వినబడేటట్టు గట్టిగా చెప్పాను.